చెరువు గట్టున రాత్రి: టెంటు నీళ్ళకు ఎంత దూరంలో వేయాలి

చెరువు పక్కన క్యాంపింగ్ అనగానే అందరికీ మనసులో మెదిలేది ఒకటే బొమ్మ. టెంటు జిప్పు తీస్తే చాలు, అడుగు దూరంలో నీళ్ళు. ఫొటోకి అది బాగానే ఉంటుంది కానీ రాత్రి గడపడానికి అంతకంటే చెడ్డ చోటు లేదు. నీళ్ళ అంచున నేలంతా చెమ్మ. దోమలు పుట్టేది అక్కడే. కప్పల కోసం పాములు వచ్చేదీ, చీకటి పడ్డాక దాహంతో జంతువులు దిగేదీ అక్కడికే. చల్లగాలి కూడా పల్లానికే జారుతుంది. బెంగళూరు నుంచి ఒక్క రాత్రికి వెళ్ళొద్దామనుకునే మనవాళ్ళకు ముందుగా చెప్పాల్సింది ఇదే: టెంటు నీళ్ళకు కనీసం 60 మీటర్ల దూరంలో, నీటిమట్టం కంటే ఒకటి రెండు నిలువుల ఎత్తున ఉండాలి. 60 మీటర్లంటే పెద్దవాళ్ళ అడుగులు దాదాపు 80. నీళ్ళ అంచు దగ్గర మొదలుపెట్టి, లెక్కపెట్టుకుంటూ పైకి నడిస్తే సరి. ఇక్కడ రాసిన మిగతా సంగతులన్నీ చాలావరకు ఆ 80 అడుగుల చుట్టూ తిరిగేవే.

ముందు ఎక్కడ ఉండనిస్తారో తేల్చుకోవాలి. రిజర్వ్ ఫారెస్టులో, అభయారణ్యంలో మనకు నచ్చిన చోట టెంటు వేసుకునే వీలు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. ఆన్‌లైన్లో ట్రెక్కింగ్ టికెట్టు దొరికిందంటే అది పగటి నడకకే, రాత్రి బసకు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే, గేటు దగ్గర వాచర్‌తో గొడవ మొదలయ్యేదీ ఇక్కడే. అడవిలో నీళ్ళ ఒడ్డున ధైర్యంగా ఉండాలంటే కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ నడిపే క్యాంపులున్నాయి. బెంగళూరుకు 100 కిలోమీటర్ల చుట్టుపట్ల కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె. కాస్త దూరమైనా పరవాలేదంటే లక్కవళ్ళిలో భద్రా జలాశయం ఒడ్డున రివర్ టర్న్ లాడ్జ్. వీటిలో మంచాలు, బాత్రూములు ఉంటాయి కాబట్టి పూర్తి మోటు క్యాంపింగ్ అనలేం. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మాత్రం ఇవే నయం. అచ్చంగా నేలమీద టెంటు, చుట్టూ నీళ్ళు, అడవి కావాలంటే సాగర తాలూకాలో శరావతి బ్యాక్‌వాటర్స్ ఒడ్డున హొన్నెమరడు ఉంది. బెంగళూరు నుంచి తాళగుప్పకు రాత్రి రైలుంది కనుక కారు లేకపోయినా ఇబ్బంది లేదు. అయితే రైల్లో గ్యాస్ క్యాన్ తీసుకెళ్ళకూడదు. ఆ సంగతి ముందే తెలిస్తే వంట ఏర్పాటు అక్కడి నిర్వాహకులతో మాట్లాడుకోవచ్చు.

వీటన్నిటికంటే దగ్గరగా మాగడి వైపు, కనకపుర వైపు, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు ప్రైవేటు స్థలాల్లో చెరువు కనపడేలా క్యాంపులు బోలెడు. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. స్థలం పట్టా భూమా, చెరువు శిఖం (నీళ్ళు తగ్గితే బయటపడే చెరువు నేల) భూమా? రాత్రి కాపలాకు మనిషి ఉంటాడా? పాటలు ఎన్నింటికి ఆపిస్తారు? నిశ్శబ్దం కోసం వెళ్ళేవాళ్ళకు మూడోదే అన్నిటికంటే ముఖ్యం. "మ్యూజిక్ మీ ఇష్టం సార్, తెల్లవార్లూ పెట్టుకోవచ్చు" అని జవాబొస్తే అది మీకు పనికొచ్చే చోటు కాదు. కోలారు, బాగేపల్లి వైపు ఊళ్ళలో పెద్దవాళ్ళతో హాయిగా తెలుగులోనే మాట్లాడొచ్చు. "ఏమన్నా, ఈ పక్క రాత్రిపూట ఏమేం తిరుగుతాయి?" అని ఒక్క మాట అడిగితే ఏ వెబ్‌సైటూ చెప్పని కబుర్లు బయటికొస్తాయి. కనకపుర వైపైతే "ఇల్లి ఆనె బర్తావా?" (ఇక్కడికి ఏనుగులు వస్తాయా?) అన్న ఒక్క కన్నడ వాక్యం నేర్చుకుని వెళ్ళండి, చాలు.

కాలం విషయానికొస్తే నవంబర్ మధ్య నుంచి జనవరి చివరిదాకా మంచిది. సెప్టెంబర్, అక్టోబర్ వానలకు చెరువులు నిండి ఉంటాయి, గడ్డి పచ్చగా ఉంటుంది, రాత్రి ఉష్ణోగ్రత 12 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది. ఫిబ్రవరి నుంచి అడవి ఎండిపోయి కార్చిచ్చుల కాలం మొదలవుతుంది. అప్పుడు అడవి దారులు చాలావరకు మూసేస్తారు, అది న్యాయమే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో జల్లులు విరుచుకుపడతాయి. గట్టు మీద ఒంటరిగా ఉన్న చెట్టు కింద టెంటు వేయడానికి అది కాలం కాదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా చోటు ఎంత అందంగా ఉన్నా బురదలోనే బతకాలి.

ఇక చోటు ఎంచుకోవడం. క్యాంపు నిర్వాహకులు చూపించారని సరాసరి టెంటు విప్పకండి. ముందు ఒడ్డును చదవాలి. ఏ చెరువైనా, జలాశయమైనా తన పాత మట్టాన్ని ఒడ్డు మీద రాసిపెట్టుకునే ఉంటుంది. నీళ్ళ నుంచి పైకి నడుస్తూ ఉంటే ఒకచోట ఎండిన నాచు, పుల్లలు, గుర్రపుడెక్క వేళ్ళు, ప్లాస్టిక్ మూతలు, చెప్పుల ముక్కలు ఒకే వరుసలో పోగుపడి ఉంటాయి. అది ఈమధ్య నీళ్ళు ఎక్కిన గీత. దానిపైన మరో గీత, ఇంకా పాతది, వెలిసిపోయి కనిపిస్తుంది. రాళ్ళుంటే పని మరీ సులువు. నీళ్ళు తాకినంత మేరా రాయి తెల్లగా, ఆ పైన నల్లగా ఉంటుంది. ఆఖరి గీత దాటి, నేల మీద పెరిగే మామూలు గడ్డి మొదలైన చోటు నుంచే మీకు కావలసిన స్థలం మొదలవుతుంది. కావేరి ఒడ్డున ఇది మరింత జాగ్రత్తగా చూడాలి. పైన డ్యాము నుంచి నీళ్ళు వదిలితే ఇక్కడ చినుకు పడకపోయినా రాత్రికి రాత్రే నది పెరుగుతుంది. నది మధ్యలో తెల్లగా మెరిసే ఇసుక తిన్నె మీద టెంటు వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

ఒడ్డున నీళ్ళు తగ్గిన మేర ఎండి నెర్రెలిచ్చిన నేల గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. పైన రెండు మూడు అంగుళాల పెంకు, దాని కింద మెత్తటి ఒండ్రు. మనిషి బరువు ఆగుతుంది గానీ కారు చక్రం ఆగదు. చెరువులోకి కారు దించి, ఇరుసుదాకా కూరుకుపోయి, ట్రాక్టరు కోసం పొద్దుటిదాకా ఎదురుచూసే గుంపు ప్రతి సీజన్లోనూ ఉంటుంది. కారును గట్టు అవతలే ఆపి సామాను మోసుకుపోవడం మేలు. రాత్రి ఏదైనా అవసరం పడితే బయటికి వెళ్ళే దారికి ముఖం పెట్టి ఆపాలి.

చెట్ల సంగతి. పైన కొమ్మలుంటే మంచు తక్కువ పడుతుంది, కాబట్టి నీడ మంచిదే. కానుగ, చింత అయితే నిశ్చింత. నీలగిరి చెట్టు కింద వద్దు, గాలి లేకపోయినా ఎండు కొమ్మలు రాలుస్తుంది. మర్రి కింద పక్షుల రెట్టలు, వెదురు పొదల పక్కన పాములు, ఏనుగులు. జలాశయాల ఒడ్డున ఎక్కువగా పెరిగేవి నల్లతుమ్మ, సర్కారు తుమ్మ. వాటి ముళ్ళు రెండు అంగుళాలు ఉంటాయి. ఎండిపోయి మట్టి రంగులో కలిసిపోతే కంటికి కనపడవు. టెంటు వేసే మేర మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో మెల్లగా తడుముతూ ఏరాలి. పది నిమిషాల పని. ఒక్క ముల్లు మిగిలినా గ్రౌండ్‌షీటు, టెంటు అడుగు, గాలి పరుపు మూడింటినీ దాటి వస్తుంది. అందుకే తుమ్మ ఉన్న ఒడ్డుకు గాలి పరుపు తీసుకెళ్ళడం దండగ. 8, 10 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్ చాలు, ముల్లు గుచ్చుకున్నా దాని పని అది చేస్తుంది.

డిసెంబర్లో ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. నాలుగింటికి చోటు చేరితే ఐదుంపావుకల్లా టెంటు నిలబడాలి. గ్రౌండ్‌షీటుకు షాపులో అమ్మే ఖరీదైనది అక్కర్లేదు, సిల్పాలిన్ పట్టా చాలు. కొలత మాత్రం తప్పకూడదు. టెంటు అడుగు 210 బై 130 సెంటీమీటర్లయితే పట్టా 200 బై 120 ఉండాలి, అంటే నాలుగు వైపులా ఐదేసి సెంటీమీటర్లు లోపలికి. పట్టా అంచు బయటికి వచ్చిందంటే వాననీళ్ళు దాని మీద పడి, టెంటు అడుగుకూ పట్టాకూ మధ్యకు జారి, పడుకున్నవాళ్ళ కింద మడుగు కడతాయి. పట్టా వేసినా తడిసిందని వాపోయే చాలా సందర్భాల్లో తప్పు ఇదే.

గాలి వచ్చే వైపు మేకులు ముందు దిగాలి. నవంబర్, డిసెంబర్లలో ఇటు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. టెంటు సన్నటి వైపు దానికి ఎదురుగా పెట్టి, తలుపు పక్కకు ఉంచాలి. మేకు తల టెంటుకు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా దిగాలి, తాడు మేకుకు దాదాపు అడ్డంగా లాగుతుండాలి. నిలువుగా కొడితే మొదటి విసురుకే పైకి లేస్తుంది. టెంటుతో వచ్చే సన్నటి తీగ మేకులు పార్కులో పనికొస్తాయి తప్ప ఒండ్రు నేలలో నిలవవు. వెల్డింగ్ షాపులో 10 మిల్లీమీటర్ల కడ్డీని అడుగు ముక్కలుగా కోయించి, ఒక కొన సాన పట్టించి, రెండో కొన వంపు తిప్పించుకుంటే ఏళ్ళ తరబడి వస్తాయి. అవి కూడా నిలవనంత మెత్తటి ఇసుకైతే సిమెంటు సంచి ముక్కలో ఐదారు కిలోల ఇసుక కట్టి, తాడు ముడివేసి, అడుగు లోతున పాతిపెట్టాలి. దాన్ని మనిషి లాగినా రాదు.

ఇప్పుడు అందరినీ మోసం చేసే సమస్య. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ముఖం మీద చినుకు. పైకి చెయ్యి పెడితే కప్పు లోపలి వైపంతా తడి. వానొచ్చిందనుకుని బయటికి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. "టెంటు లీకవుతోంది, మోసపోయాం" అని తిట్టుకుంటారు. అది లీకు కాదు. ఒక్కో మనిషి ఊపిరిలో, చెమటలో కలిసి రాత్రికి పావు లీటరు దాకా నీళ్ళు ఆవిరిగా బయటికొస్తాయి. ఇద్దరు పడుకుంటే అరలీటరు. అది పోయే దారి లేక చల్లటి కప్పుకు తగిలి బొట్లుగా మారుతుంది. చెరువు పక్కన గాలిలోనే చెమ్మ ఎక్కువ, అందులోనూ పల్లంలో చలి ఎక్కువ, కాబట్టి నీళ్ళకు దగ్గరయ్యేకొద్దీ ఈ బాధ పెరుగుతుంది. తేడా కనిపెట్టడం తేలిక. లీకు ఒక కుట్టు దగ్గరో మూల దగ్గరో ఒకచోట కారుతుంది. ఆవిరి తడి కప్పంతా సమానంగా, సన్నటి ముత్యాల్లా పేరుకుంటుంది.

దానికి మందు తలుపులు బిగించడం కాదు, తెరవడం. చలికి భయపడి అన్ని జిప్పులూ వేసుకున్నవాళ్ళే ఎక్కువగా తడుస్తారు. పైనున్న గాలి కిటికీలు తెరిచి ఉంచాలి. దోమతెర మాత్రం వేసి, బయటి తలుపు పైభాగం జానెడు వదిలేయాలి. బయటి కప్పుకూ లోపలి గుడ్డకూ మధ్య బెత్తెడు ఖాళీ అన్ని వైపులా ఉండాలి. రెండూ ఎక్కడ తాకితే అక్కడ తడి లోపలికి దిగుతుంది. నైలాన్ కప్పు మంచుకు తడిసి సాగుతుంది కనుక పడుకునే ముందు, పదింటి ప్రాంతంలో, తాళ్ళన్నీ మరోసారి బిగించాలి. సాయంత్రం ఎంత బాగా బిగించినా సరే. తడి తువ్వాళ్ళు, బూట్లు లోపల పెట్టకూడదు. పడుకోవడానికే ఒక జత పొడి బట్టలు, ఒక జత సాక్సు విడిగా సంచిలో దాచి, ఏం జరిగినా పగలు వాటిని తాకకూడదు.

చలి పైనుంచి కంటే కిందినుంచే ఎక్కువ. నేల వేడిని పీల్చేస్తుంది. రెండు దుప్పట్లుంటే రెండూ కప్పుకుని వణికేకంటే ఒకటి కింద పరుచుకోవడం తెలివి. బెంగళూరు చుట్టుపక్కల చలికి మంచు కొండలకు వాడే స్లీపింగ్ బ్యాగులు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న బొంత, ఒక రగ్గు, కింద ఫోమ్ మ్యాట్ ఉంటే హాయిగా నిద్ర పడుతుంది.

తాగే నీళ్ళ విషయంలో రాజీ వద్దు. మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కలిపి 4 లీటర్ల లెక్కన ఇంటినుంచే తీసుకెళ్ళండి. నలుగురికి ఒక 20 లీటర్ల క్యాను సరిపోతుంది, కొంచెం మిగులుతుంది. చెరువు నీళ్ళు కాచి తాగొచ్చు కదా అంటారు. మరిగే నీళ్ళు తెరలు కాగుతూ ఒక నిమిషం ఉంటే క్రిములు చస్తాయి, నిజమే. కానీ రసాయనాలు చావవు. వృషభావతి నది బెంగళూరు మురుగును మోసుకొచ్చి బైరమంగళ చెరువులో కలుపుతుంది. కె.సి. వ్యాలీ పథకం కింద 2018 నుంచి కోలారు చెరువుల్లోకి వస్తున్నవి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్ళు. అవి భూగర్భ జలాలు పెంచడానికి వదిలినవే గానీ తాగడానికి కాదు. ఎండాకాలంలో కూడా నిండుగా కనిపించే చెరువును చూసి మురిసిపోకుండా ఆ నీళ్ళు ఎక్కడివో అడగాలి. నీళ్ళ మీద పచ్చటి పెయింటు పోసినట్టు తెట్టె కడితే వాటితో పాత్రలు కూడా కడగొద్దు. ఆ పాచి విషం కాచినా పోదు.

మంట విషయంలో మాట దాపరికం లేకుండా చెప్పాలి. అడవిలో నెగడు వద్దు. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం, డిసెంబర్ చివరికే గడ్డి ఎండి సిద్ధంగా ఉంటుంది. ప్రైవేటు క్యాంపులో నేలకు ఎత్తుగా ఇనుప బొచ్చె పెట్టి, కట్టెలు వాళ్ళే ఇస్తే వేసుకోవచ్చు. చుట్టుపక్కల ఎండు కొమ్మలు విరిచి తేవడం తప్పు, వాటిలోనే పురుగులు, తొండలు, పక్షులు బతుకుతాయి. దగ్గర్లో కొండరాళ్ళకో పెద్ద చెట్టుకో కొండ తేనెపట్టు వేలాడుతుంటే పొగ అసలే రాకూడదు.

వంటకు చిన్న గ్యాస్ స్టవ్వు. గాలి లేకపోతే లీటరు నీళ్ళు మరగడానికి దాదాపు 15 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. ముగ్గురికి సాయంత్రం టీ, రాత్రి వంట, పొద్దున టీ, టిఫిన్ కలిపి నాలుగైదు లీటర్ల లెక్క వేసినా 230 గ్రాముల క్యాను సగం కూడా అవదు. చెరువు గాలికి మాత్రం ఆ లెక్క రెట్టింపవుతుంది, అందుకే అడ్డు కావాలి. ఆ అడ్డు గాలి వైపే పెట్టాలి. క్యాను చుట్టూ మూసేస్తే వేడెక్కి పేలుతుంది. టెంటు లోపల స్టవ్వు వెలిగించకూడదు, చలికి కుంపటి పెట్టుకోకూడదు. వాటినుంచి వచ్చేది వాసన కూడా తెలియని విషవాయువు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమల చక్రం కూడా బయటే. ఒంటికి ఒడోమాస్ రాసుకుని, తెర జిప్పు వేసుకుంటే చాలు.

ఏం వండాలంటే, ఒడ్డున కూరగాయలు తరుగుతూ కూర్చునే వంటలు వద్దు. ఇంట్లోనే ఉప్మా పొడి కలిపి తీసుకెళ్ళడం అన్నిటికంటే సుఖం. ముగ్గురికి పావు కిలో బొంబాయి రవ్వ. బాణలిలో నాలుగు పెద్ద చెంచాల నూనె వేసి ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు ఎర్రగా వేగాక ఐదారు ఎండుమిర్చి తుంపి వేయాలి. ఆపైన రెండు రెబ్బల కరివేపాకు పూర్తిగా చెమ్మ ఆరినవి వేసి, పట్టుకుంటే పొడి అయ్యేదాకా ఉంచాలి. ఆకు మెత్తగా మిగిలితే మర్నాటికి పొడికి ముక్కిన వాసన వస్తుంది. ఇప్పుడు రవ్వ వేసి సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా తిప్పాలి. దించాక చెంచాన్నర ఉప్పు, అర చెంచా శొంఠి పొడి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. పచ్చి ఉల్లిపాయ, కొబ్బరి కలపకూడదు, అవి చెడతాయి. అక్కడికి వెళ్ళాక 800 మిల్లీలీటర్ల నీళ్ళు మరిగించి, ఒక చేత్తో పొడి వంచుతూ మరో చేత్తో కలిపి, నిమిషంలో స్టవ్వు ఆపి, మూత పెట్టి తువ్వాలు చుట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే తనంతట తనే ఉడుకుతుంది. పక్కన ఆవకాయ బద్ద ఉంటే ఇక అడిగేదేముంది. మొదటి పూటకు పులిహోర కట్టుకెళితే అసలు స్టవ్వుతో పనే లేదు. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నం కారు వేడికే పులుస్తుంది, వద్దు.

గిన్నెలు చెరువులో కడగడం మన అలవాటు. మానుకోవలసిన అలవాటు కూడా. మెతుకులు, నూనె, సబ్బు నీళ్ళలోకి పోకూడదు. "పర్యావరణానికి హాని చేయనిది" అని డబ్బా మీద రాసి ఉన్న సబ్బు కూడా మట్టిలోనే కరుగుతుంది, నీళ్ళలో కాదు. గిన్నెను ముందు కాగితంతో తుడిచి, బకెట్టు నీళ్ళు ఒడ్డుకు దూరంగా మోసుకుపోయి అక్కడ కడిగి, నేలమీద వెదజల్లాలి. ఇక్కడా 80 అడుగులే. కాలకృత్యాలకూ అదే లెక్క: నీళ్ళకు, దారికి, టెంటుకు మూడింటికీ 80 అడుగుల అవతల, జానెడు లోతు గొయ్యి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. మేస్త్రీ తాపీ ఒకటి సంచిలో వేసుకుంటే తవ్వడానికి చక్కగా పనికొస్తుంది. వెట్ వైప్స్, శానిటరీ ప్యాడ్లు పాతిపెట్టొద్దు, అడవి పందులు, కుక్కలు తవ్వి లాగుతాయి. కాగితంలో చుట్టి నల్ల కవరులో వెనక్కి తేవాలి.

జంతువుల్లో పెద్ద భయం ఏనుగు. కనకపుర, కావేరి అభయారణ్యం చుట్టుపక్కల ఇది కథ కాదు. నవంబర్, డిసెంబర్లలో రాగి కోతకొచ్చే వేళకు ఏనుగులు అడవి అంచుకు వస్తాయి, నీళ్ళకు దిగుతాయి. ఒడ్డున లద్దె, పళ్ళెమంత అడుగులు, బెరడు ఒలిచిన చెట్టు, గట్టు మీద నున్నగా జారినట్టున్న బాట కనిపిస్తే అది వాటి రేవు. లద్దె తడిగా ఉండి పురుగులు ముసిరితే ఈరోజుదే. ఎంత బాగున్నా ఆ చోటు వదిలేయాలి. రాత్రి దగ్గరకొస్తే టార్చి ముఖాన కొట్టొద్దు, అరవొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. చప్పుడు లేకుండా వెనక్కి, కారులోకి. తిండి ఏదీ టెంటులో పెట్టుకోకూడదు, ముఖ్యంగా అరటిపళ్ళు, బెల్లం, ఉప్పు. స్టీలు డబ్బాలో పెట్టి కారులో ఉంచితే కోతులు, పందులు కూడా రావు.

పాములకు మంచి రక్ష జిప్పే. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, పొద్దునకు కడుపునొప్పి, రెప్పలు వాలడం మొదలవుతాయి. కింద గుడ్డ కుట్టి ఉన్న టెంటులో జిప్పు పూర్తిగా వేసుకుని పడుకుంటే ఆ ప్రమాదం దాదాపు ఉండదు. ఒక్కసారి బయటికి వెళ్ళొచ్చి జిప్పు జానెడు వదిలేసినా రక్ష పోయినట్టే. బూట్లు వేసుకునే ముందు బోర్లించి దులపాలి, తేళ్ళుంటాయి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నాటు మందు వద్దు. కాలు కదలకుండా వదులుగా పట్టీ వేసి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి. అది ఏ ఊళ్ళో ఉందో, ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుందో పగలే చూసిపెట్టుకోవాలి.

హొన్నెమరడు, లక్కవళ్ళి లాంటి మలెనాడు వైపు వెళ్ళేవాళ్ళకు ఒక ప్రత్యేక జాగ్రత్త. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన జ్వరం, అక్కడివాళ్ళు మంగన కాయిలె (కోతి జబ్బు) అంటారు, పిడుదుల వల్ల వస్తుంది. డిసెంబర్ నుంచి మే దాకా దాని కాలం. ప్యాంటు సాక్సులో దోపుకోవాలి, ఎండుటాకుల మీద కూర్చోకూడదు, సాయంత్రం వేడినీళ్ళతో తోముకుని చంకలు, నడుము, మోకాళ్ళ వెనక వెతకాలి. చచ్చిన కోతి కనిపిస్తే అక్కడినుంచి వెళ్ళిపోయి ఆరోగ్య శాఖవాళ్ళకు చెప్పాలి. తిరిగొచ్చాక వారం పది రోజుల్లో గట్టి జ్వరం వస్తే, అడవికి వెళ్ళొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.

ఈత గురించి ఒక్కటే మాట, దిగొద్దు. మాగడి వైపున్న మంచనబెలె జలాశయంలో ఎందరో మునిగిపోయారు, వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు. జలాశయం అడుగున పాత పొలాలు, బావులు, మొద్దులు ఉంటాయి. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు అవుతుంది. ఒండ్రు కాలు పట్టేస్తుంది, జాలరుల వలలు కంటికి కనపడవు. కావేరిలో, కబినిలో మొసళ్ళు కూడా. పుట్టి ఎక్కితే నిర్వాహకుడు ఇచ్చిన లైఫ్ జాకెట్టు బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. చెవులదాకా లేచిందంటే అది మీ కొలత కాదు, మార్చమని అడగండి.

భద్రా జలాశయంలో ఎండాకాలం ముందు నుంచి దీవుల మీద రివర్ టర్న్ పక్షులు వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి. పడవవాణ్ణి ఇంకొంచెం దగ్గరకు పోనివ్వమని బతిమాలకండి. ఒకసారి అవి లేచాయంటే గుడ్లు ఎండకు మాడతాయి. పొద్దున ఆరున్నరకు నీళ్ళ మీద పొగమంచు తేలుతుంటుంది, ఆ అరగంట మాట్లాడకుండా కూర్చుంటే నీటికాకి రెక్కలారబెట్టుకోవడం, లకుముకి పిట్ట దూకడం, అన్నీ 80 అడుగుల దూరం నుంచే కనిపిస్తాయి.

సర్దుకునేటప్పుడు తొందరపడితే టెంటు పాడవుతుంది. పొద్దున కప్పు ఎలాగూ తడిగానే ఉంటుంది. దాన్ని విడిగా తీసి, దులిపి, తాడు మీద ఎండకు వేసి, టీ, టిఫిన్ అయ్యాక మడవాలి. టెంటు లోపలి భాగాన్ని ఎత్తి తలుపు కిందికి పెట్టి దులిపితే మట్టి, ముళ్ళు రాలిపోతాయి. అడుగు భాగం బోర్లించి ఆరనివ్వాలి, చెమ్మ ఎక్కువగా దాచుకునేది అదే. మేకులు లెక్కపెట్టి సంచిలో వేయాలి, ఒక్కటి గడ్డిలో మిగిలినా పశువు కాలికి గుచ్చుకుంటుంది. ఎంత ఆరినట్టు కనిపించినా ఇంటికొచ్చిన రోజే అపార్ట్‌మెంటు మేడ మీదో బాల్కనీ తీగ మీదో నీడన మళ్ళీ ఆరవేయాలి. తడిగా వారం రోజులు సంచిలో ఉంటే బూజు పట్టి, లోపలి పూత జిగురుగా మారి ఒలుస్తుంది. అప్పుడిక ఏ వానకూ ఆగదు. బాగా ఆరాక కూడా దాని సన్నటి సంచిలో కుక్కకుండా, పాత దిండు గలీబులో వదులుగా మడిచి అలమర పైఅరలో పెట్టుకోవాలి.